అగ్నిపర్వతం బూడిదలో పొట్టి లూపిన్: తిరుపతి వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవిలో మా ఊళ్లో ఒక రకం ప్రయాణాలు ఎక్కువ. సియాటిల్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు ఊరగాయలు, పొడులు మూట కట్టుకుని బయల్దేరతారు. జూలైలో ఒక శని, ఆదివారం చూసుకుని పిల్లలు వాళ్లను మౌంట్ రెయినియర్ అనే అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్కుకు తీసుకుపోతారు. అక్కణ్ణుంచి ఫోటో వస్తుంది: బూడిదరంగు గులకరాళ్ల మధ్య నేలకు అతుక్కుపోయిన వెండిరంగు ఆకులు, వాటి మీద నీలం పూలు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఆ ఫోటోలు నా ఫోన్‌కు చేరుతుంటాయి. వాటి వెంట వచ్చే ప్రశ్నలకే ఇవి జవాబులు.

ఇదేం మొక్క సార్?

పొట్టి లూపిన్. శాస్త్రీయ నామం లూపినస్ లెపిడస్. అందులో ఎత్తయిన కొండల మీద పెరిగే రకాన్ని లోబ్బియై అంటారు. చిక్కుడు, కంది, ఉలవ, శెనక్కాయల కుటుంబమే. పువ్వును దగ్గరగా చూస్తే మీకే తెలిసిపోతుంది. పైన నిలబడిన ఒక పెద్ద రేక, పక్కన రెండు రెక్కలు, కింద పడవలా ముడుచుకున్న జంట రేకలు. మన చేలో శెనక్కాయ పువ్వుకూ ఇదే పొందిక, రంగు మాత్రం పసుపు.

ఆకు అరచేతిలా ఉంటుంది. ఒక్క బిందువు దగ్గర నుంచి ఐదో, ఏడో చిన్న ఆకులు విచ్చుకుంటాయి. ఒంటినిండా నూగు. ఆ నూగు వల్లే దూరానికి వెండిలా మెరుస్తుంది. పొద్దున్నే వెళ్తే ఆకు నడిమధ్యలో ఒక్క మంచు బొట్టు నిలిచి ఉంటుంది. ఎక్కువ మంది ఫోటో తీసేది దాన్నే.

మా అమ్మాయి పంపిన ఫోటోలో మొక్క మోకాలెత్తు ఉంది. అది కూడా ఇదేనా?

కాదు. రెయినియర్‌లో పారడైజ్ అనే చోట పచ్చిక బయళ్ల నిండా నీలంగా పరుచుకుని కనిపించేది వేరే లూపిన్. ఆకులు వెడల్పు, మొక్క మోకాలి దాకా వస్తుంది. దానికి మట్టి కావాలి, తేమ కావాలి. మన పొట్టిది జానెడు కూడా లేవదు, మట్టి అని చెప్పుకోదగ్గది లేని చోటే ఎక్కువగా కనబడుతుంది. ఇద్దరూ దాయాదులే, కాపురాలు వేరు.

ఇది అగ్నిపర్వతాల మీదే పెరుగుతుందా?

అక్కడే అని కాదు. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడాలో గ్రానైట్ గుట్టల మీదా ఉంటుంది. అయితే అమెరికా పడమటి తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగే కాస్కేడ్ కొండల్లో రెయినియర్, సెయింట్ హెలెన్స్ లాంటి అగ్నిపర్వతాలు వరుసగా ఉన్నాయి. వాటి వాలుల మీద పరుచుకున్న బూడిద, ప్యూమిస్ గులక దీనికి బాగా సరిపోయిన నేల. ప్యూమిస్ అంటే మీకు తెలియనిదేం కాదు. కాళ్ల పగుళ్లు రుద్దుకోవడానికి అంగట్లో అమ్మే, నీళ్లలో వేస్తే తేలే రాయి. లావా నురగలా పొంగి గడ్డకడితే ఏర్పడుతుంది. నీళ్లు పోస్తే జల్లెడలోంచి కారినట్టు దిగిపోతాయి.

ఇంత పొట్టిగా ఎందుకుంటుంది? సారం లేకనా?

సారం లేకపోవడం ఒక కారణమే గానీ అసలు కారణం గాలి, చలి. ఆ ఎత్తులో నేల నుంచి జానెడు పైన వాతావరణం ఒకటి, నేలకు ఆనుకుని ఉన్నది ఇంకొకటి. పైన చలిగాలి కోసేస్తుంటే, ఎండ తగిలిన ముదురురంగు గులక పక్కన వెచ్చగా ఉంటుంది. మొక్క ఆ వెచ్చటి పొరలోనే పడుకుని బతుకుతుంది. నూగు గాలిని ఆపి ఆకులోని నీరు ఆరిపోకుండా చూస్తుంది. కొండమీద మంచు కరిగేసరికే జూలై అవుతుంది, మళ్లీ శరదృతువులోనే కురవడం మొదలవుతుంది. ఆకులేసి, పూసి, కాయ పండించుకోవడానికి దొరికేది రెండు మూడు నెలలే. కాండం పొడుగ్గా పెంచుకునే తీరిక దానికి లేదు. వేరు మాత్రం పైకి కనిపించే మొక్కతో పోలిస్తే చాలా లోతుకు దిగుతుంది, తేమంతా కిందే కాబట్టి.

మట్టే లేని బూడిదలో తిండి ఎక్కడిది?

ఈ ప్రశ్న చిత్తూరు జిల్లా వాళ్లు అడిగితే నాకు భలే సంతోషం. జవాబు వాళ్ల చేలోనే ఉంది.

మొక్కకు నత్రజని కావాలి. గాలిలో 78 శాతం అదే, అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. మామూలు నేలలో కుళ్లిన ఆకులు, పేడ, చచ్చిన పురుగుల నుంచి అది అందుతుంది. అగ్నిపర్వతం కక్కిన రాయి ఎంత కొత్తదైతే అందులో నత్రజని అంత శూన్యం. భాస్వరం, పొటాష్ రాయిలో కాస్తో కూస్తో ఉంటాయి. నత్రజని మాత్రం బయటినుంచి రావాల్సిందే.

ఇప్పుడు మీ శెనక్కాయ చెట్టును వేళ్లతో సహా పీకి మన్ను దులపండి. కాయలు కాకుండా, వేళ్లకు అంటుకుని చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అంటే లోపలి బాక్టీరియా పనిలో ఉన్నట్టు. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి, మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. విత్తనానికి బెల్లం పాకంతో రైజోబియం కల్చర్ పట్టించి విత్తమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది ఇందుకే. శెనక్కాయ వేళ్లలోనూ లూపిన్ వేళ్లలోనూ ఉండేవి బ్రాడీరైజోబియం అనే ఒకే ప్రజాతికి చెందిన బాక్టీరియా.

మన ఎర్ర గరప నేలల్లో వేరే పైరు నిలవని చోట శెనక్కాయో ఉలవలో ఎందుకు చల్లుతామో, వరి నాటే ముందు జీలుగ, జనుము వేసి ఎందుకు దున్నేస్తామో రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ బూడిద కొండమీద లూపిన్ చేసేదీ అదే పని, విత్తేవాడు లేడంతే.

ఇంకో సంగతి ఉంది. చాలా మొక్కల వేళ్లకు మట్టిలోని ఒక రకం శిలీంధ్రాలు అంటిపెట్టుకుని భాస్వరం, నీరు అందిస్తుంటాయి. లూపిన్లు వాటి మీద పెద్దగా ఆధారపడవు. కొత్త బూడిదలో ఆ శిలీంధ్రాలు ఉండవు కనుక మిగతా మొక్కలు వెనకబడే చోట దీనికి అదొక మేలు.

సెయింట్ హెలెన్స్ పేలాక మొదట మొలిచింది ఇదేనట, నిజమా? వాట్సాప్‌లో వచ్చింది.

ఈ ఒక్కసారికి వాట్సాప్ చెప్పింది చాలావరకు నిజం.

1980 మే 18 ఉదయం 8:32కి వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ కొండ ఉత్తరపు వైపు మొత్తం జారిపోయింది. చరిత్రలో నమోదైన కొండచరియల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. మూత ఎగిరిపోయినట్టయి లోపలి ఒత్తిడంతా పక్కకు పేలింది. 57 మంది చనిపోయారు. కొండను గమనిస్తూ దగ్గర్లోని గట్టు మీద డ్యూటీలో ఉన్న భూగర్భ శాస్త్రవేత్త డేవిడ్ జాన్‌స్టన్ వాళ్లలో ఒకరు. ఇప్పుడా గట్టుకు ఆయన పేరే పెట్టారు. 2,950 మీటర్ల కొండ 2,549 మీటర్లకు తగ్గింది. కొండ పాదం దగ్గర సుమారు 15 చదరపు కిలోమీటర్ల మేర ప్యూమిస్, బూడిద పరుచుకున్నాయి. ఆ మైదానంలో గింజ గానీ వేరు గానీ బతికి బట్టకట్టలేదు. దాన్నే ప్యూమిస్ మైదానం అంటారు.

1980ల మొదట్లోనే, పేలుడైన ఒకట్రెండేళ్లకే, ఆ మైదానంలో పొట్టి లూపిన్ కనబడింది. నన్ను ఆశ్చర్యపరిచేది అది మొలవడం కాదు, అసలు అక్కడికి చేరడం. మామూలుగా ఇలాంటి ఖాళీ నేలను ముందు ఆక్రమించేవి జిల్లేడు గింజల్లా గాలికి ఎగిరేవి. లూపిన్ గింజ బరువైనది, ఎగరదు. కాయ ఎండాక ఠప్పున పేలి గింజను కాస్త దూరం విసురుతుంది, అంతే. అలాంటిది ముందు వరుసలో నిలబడింది. ఒకసారి చేరాక తన కింద తానే గింజలు రాల్చుకుని గుంపుగా అల్లుకుపోయింది. ఒక్కో మొక్క బతికేది కొన్నేళ్లే. చచ్చిన మొక్క ఆకులు, వేళ్లు కుళ్లి బూడిదలో మొదటి మట్టి తయారైంది. గాలికి కొట్టుకొచ్చే వేరే గింజలు ఆ గుబుర్లలో చిక్కుకుని మొలిచాయి. 1982లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని జాతీయ అగ్నిపర్వత స్మారక స్థలంగా ప్రకటించి, చాలావరకు ప్రకృతి మానాన ప్రకృతికి వదిలేసింది. అందువల్లే ఇదంతా ఏటేటా చూసి రాసుకోవడం కుదిరింది.

అంత మంచి మొక్కయితే ఈపాటికి కొండంతా పచ్చబడాలి కదా?

వాట్సాప్ చెప్పని సగం ఇక్కడుంది. "బూడిదలోంచి పుట్టిన ఆశ" అని కవిత్వం రాసేవాళ్లు గొంగళి పురుగుల ఊసెత్తరు.

లూపిన్ గుంపు విస్తరిస్తుంటే దాని అంచుల్లో, మొక్కలు పలుచగా ఉన్న చోట, ఆకులు తినే పురుగులూ కాండం తొలిచేవీ విపరీతంగా దాడి చేశాయి. గుంపు మధ్యలో, ఒత్తుగా ఉన్న చోట, నష్టం తక్కువ. దీన్ని జాన్ బిషప్, విలియం ఫేగన్ లెక్కగట్టి 2000లో ప్రచురించారు. అంచుల్లోని మొక్కల ఆకులు పురుగుకు ఎక్కువ బలమైన మేత అని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. గుంపు ముందుకు సాగేది అంచుల వైపే కదా, పురుగు సరిగ్గా అక్కడే కొడుతుంది. ఫలితంగా లూపిన్ విస్తరణ చాలా నెమ్మదించింది. కొన్నేళ్లు ఎకరాలకెకరాలు నీలంగా పూయడం, మరికొన్నేళ్లు ఎండుపుల్లలు మిగలడం.

ఇంకో పాత్ర కూడా ఉంది: గోఫర్. బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువు. మనవాళ్లు పందికొక్కును చూసే చూపే అక్కడి రైతులు దీన్ని చూస్తారు. 1983లో శాస్త్రవేత్తలు కొన్ని గోఫర్లను తెచ్చి ప్యూమిస్‌లోని రెండు చోట్ల ఒక్క రోజు వదిలారు. పాత మట్టిని, అందులోని శిలీంధ్రాలను, బాక్టీరియాను పైకి తోడతాయేమో చూద్దామని. అంతకుముందు అక్కడ ఉన్నవి డజను మొక్కలే. ఆరేళ్లకు ఆ రెండు చోట్లా కలిపి 40,000 మొక్కలయ్యాయి. పక్కన గోఫర్లు తవ్వని చోటు చాలావరకు బోడిగానే ఉంది. ఆ ఒక్క రోజు ప్రభావం నేలలోని శిలీంధ్రాల్లో ఇంకా కనిపిస్తోందని 2024లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి ఘనతంతా లూపిన్‌కు కట్టబెడితే అన్యాయమే.

మన ఏడుకొండలూ ఒకప్పుడు అగ్నిపర్వతాలేనా?

కాదు. తిరుమల కొండ పైభాగమంతా క్వార్ట్‌జైట్. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయయింది. దాని కింద అంతకంటే ఎన్నో కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైట్ ఉంది. ఆ రెండూ కలిసే గీతను ఘాట్ రోడ్డు పక్కన కంటితోనే చూడొచ్చు. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా మనం కోతుల్నే చూస్తాం, అది వేరే విషయం. పైన ఉన్న శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే.

తిరుమలలో గానీ హార్స్‌లీ హిల్స్‌లో గానీ పెంచలేమా? అక్కడ చల్లగానే ఉంటుంది కదా.

కుదరదు. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ 1,260 దాకా. ఎత్తు ఒక్కటే లెక్కయితే ఆలోచించొచ్చు. ప్యూమిస్ మైదానమూ అంతకంటే పెద్ద ఎత్తేం కాదు. దానికి కావాల్సింది నెలల తరబడి మంచు కింద నిద్ర, ఆ తర్వాత చల్లటి పొడి వేసవి. మన దగ్గర మార్చి నుంచే ఎండ, ఆపైన వానలు, ఉక్కపోత. మొలకెత్తినా వేరు కుళ్లి పోతుంది. నూగు ఆకుల మొక్కలకు మన ఉక్కపోత పడదు. బెంగళూరు నర్సరీల్లో చలికాలం కుండీల్లో అమ్మే రంగురంగుల లూపిన్లు తోటల కోసం తయారుచేసిన సంకరాలు. అవి కావాలంటే ఒక సీజన్‌కు పెంచుకోండి.

నాలుగు గింజలు జేబులో వేసుకొస్తే ఎవరికి తెలుస్తుంది?

తెలిసినా తెలియకపోయినా తేకండి. నేషనల్ పార్కులో గింజ ఏరడమే నేరం. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు ఇండియాలోకి తేకూడదు. ఇదేదో కాగితాల గోల అనుకోకండి. గింజ వెంట వచ్చే తెగుళ్లు శెనక్కాయ, కంది లాంటి దాని చుట్టాలకే ముందు అంటుకునే ప్రమాదం ఉంది.

ఒక్క పువ్వు కోసుకుని జడలో పెట్టుకుంటే?

తిరుమలలో ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. కొండమీది పువ్వు ప్రతిదీ స్వామిదేనని. మన వాళ్లకు ఆ ఒక్క మాట చెబితే చాలు, రెయినియర్‌లో రేంజర్ చెప్పే పది మాటలు అక్కర్లేదు. దారి దిగి పూలలో నిలబడి ఫోటో దిగడం కూడా అంతే. ఏడాదికి రెండు మూడు నెలలే పెరిగే మొక్క, చెప్పుల కింద నలిగితే మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది.

కాయలు చిక్కుడులా ఉన్నాయి. తినొచ్చా? పశువులకు వేయొచ్చా?

వద్దు. అడవి లూపిన్లలో ఆల్కలాయిడ్లు అనే చేదు విషాలు ఉంటాయి, గింజల్లో మరీ ఎక్కువ. అమెరికా పడమటి రాష్ట్రాల్లో అడవి లూపిన్లు తిని గొర్రెలు చనిపోవడం కొత్తేం కాదు. కొన్ని జాతుల్ని చూడి ఆవులు మేస్తే దూడలు కాళ్లు వంకరతో పుడతాయి. ఇంట్లో పాడి ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇటలీ దుకాణాల్లో ఉప్పునీళ్లలో నానబెట్టి అమ్మే పసుపు లూపిన్ గింజలు వేరే జాతివి, చేదు పోయేదాకా రోజుల తరబడి నీళ్లు మార్చి తయారుచేస్తారు. అయితే ఒక జాగ్రత్త: శెనక్కాయ పడని పిల్లలకు లూపిన్ కూడా పడకపోవచ్చు. విదేశాల్లో కొన్ని బ్రెడ్లు, బిస్కెట్లలో లూపిన్ పిండి కలుపుతారు. మనవడికి శెనక్కాయ అలర్జీ ఉంటే ప్యాకెట్ వెనకాల ఉన్నది చదవండి.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్తే కనిపిస్తుంది? నాకు మోకాళ్ల నొప్పులు.

జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మీకు తగిన చోటు రెయినియర్‌లోని సన్‌రైజ్. సియాటిల్ నుంచి కారులో రెండు, రెండున్నర గంటలు. రోడ్డు సుమారు 1,950 మీటర్ల ఎత్తు దాకా వెళ్తుంది, తిరుమలకు రెట్టింపు పైమాటే. ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు దిగగానే పరుగులు పెట్టకండి. ఓపిక ఉన్నవాళ్లు బరోస్ మౌంటెన్ వైపు నడిస్తే చెట్లు అయిపోయి గులక నేల మొదలవుతుంది. అక్కడ దారి అంచుల్లో వెతకండి. జూలై మొదట్లో ఆ దారిలో మంచు మిగిలి జారుతుంటుంది, స్లిప్పర్లతో పోవద్దు. సన్‌రైజ్ రోడ్డు సాధారణంగా జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో తెరుస్తారు. ముందే టైమ్ టికెట్ తీసుకోవాల్సిన ఏడాదులూ ఉన్నాయి. పిల్లల్ని వెబ్‌సైట్‌లో ఒకసారి చూడమనండి.

సెయింట్ హెలెన్స్‌కు వెళ్లేట్టయితే తూర్పు వైపున విండీ రిడ్జ్ మంచిది. జాన్‌స్టన్ గట్టుకు వెళ్లే రోడ్డు 2023 మేలో కొండచరియ పడి వంతెన కొట్టుకుపోయి మూతపడింది. తెరిచారో లేదో కనుక్కునే బయల్దేరండి.

ఎండలు పెరిగితే ఈ మొక్క గతేంటి?

కొండ మొక్కలకు పైకి జరగడమే దారి, శిఖరం దాటి జరగడానికి చోటు లేదు. 2015లో రెయినియర్‌లో మంచు మామూలు కంటే చాలా ముందే కరిగిపోయింది. పూల జాతులు ఒక్కోటి ఒక్కో రకంగా స్పందించాయి. ఎప్పుడూ కలిసి పూసేవి విడిపోయాయి, కలవనివి కలిశాయి. తుమ్మెదల రాకకూ పూల రాకకూ పొత్తు కుదరకపోతే కాయ కట్టదు. పొట్టి లూపిన్‌ది కొత్త నేలను ఆక్రమించే గుణం కాబట్టి పచ్చిక బయళ్ల మొక్కల కంటే కాస్త నయమని నా అభిప్రాయం.

మన శేషాచలంలో ఇలా గాలిలోంచి నత్రజని పట్టుకునే మొక్క ఉందా?

చాలా ఉన్నాయి. అందరికీ తెలిసిన ఎర్రచందనం కూడా చిక్కుడు కుటుంబమే, సారం లేని రాతి నేలల్లోనే పెరుగుతుంది. నాకు మాత్రం ఎక్కువ ఇష్టమైంది పెరిత, అంటే సైకస్ బెడ్డోమి. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. చిన్న ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతతో చుట్టరికం లేదు. దాని వేళ్లలో కొన్ని పైకి మళ్లి పగడంలా కొమ్మలు వేస్తాయి. వాటిలో నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉండి నత్రజని పడుతుంది. పద్ధతి వేరు, పని ఒకటే.

ఫోటో పంపితే పేరు చెప్తారా?

చెప్తాను, కానీ పువ్వొక్కటే తీసి పంపితే కష్టం. ఆకు దగ్గరగా ఒకటి, మొక్క మొత్తం ఎత్తు తెలిసేలా పక్కన నాణెమో పెన్నో పెట్టి ఒకటి, చుట్టూ నేల కనిపించేలా ఇంకొకటి తీయండి. చోటు పేరు, ఎత్తు, తేదీ రాయండి. వేరు చూపించడానికి మొక్కను పీకద్దు.